కుంటలో దిగిన జిప్సీ, చేపల కాటా, ఏడు ఆదివారాలు

2024 జూన్ 30, ఆదివారం. చిక్కబళ్లాపురం దాటాక మట్టిదారి పట్టుకుని పోతుంటే ముందురోజు వానకు నిండిన ఒక కుంట అడ్డం వచ్చింది. చుట్టూ తిరిగిపోయే దారి ఉంది. కానీ నాలాగా మారుతి జిప్సీ, అంటే నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందే ఫోర్ బై ఫోర్ బండి, ఉన్నవాడికి చుట్టుదారి కనపడదు కదా. దించాను. సగం దూరం పోయాక ముందు చక్రాలు బురదలో కూరుకుపోయాయి. నీళ్లు చక్రాల మధ్యలోని హబ్బుల పైకి వచ్చాయి. పది పన్నెండు నిమిషాలు అలాగే ఉన్నాం. పక్క పొలంలో దున్నుతున్న ట్రాక్టరాయన వచ్చి లాగిపెట్టి ఐదొందలు తీసుకున్నాడు. బెంగళూరు కేఆర్ పురంలో మా ఇంటికి వచ్చేదాకా నేను మహా సంతోషంగానే ఉన్నాను.

జూలై 1 సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి చూస్తే వెనక యాక్సిల్ మీద, దానికి గాలి ఆడే చిన్న మూత, అంటే బ్రీదర్ దగ్గర, పాలెక్కువైన కాఫీ రంగులో నురగ. వేలితో తీసి చూశాను. జిడ్డుగా ఉంది, గంధకం వాసన. మదనపల్లెలో ట్రాక్టర్లు బాగుచేసే మా చిన్నమామకు ఫొటో పంపాను. ఐదు నిమిషాల్లో ఫోన్.

"హౌసింగులోకి నీళ్లు పోయినాయిరా అల్లుడూ. వేడి చెంబు బోర్లించి నీళ్లలో పెడితే ఏమైతాది? నీళ్లు లోపలికి లాక్కుంటాది. డెబ్బై కిలోమీటర్లు తోలిన బండి హౌసింగు ఎంత వేడిగా ఉంటాది? దాన్ని తీసుకుపోయి కుంటలో పెడితివి."

హౌసింగు అంటే యాక్సిల్ మీద పళ్లచక్రాలు, నూనె ఉండే ఇనుప గూడు. బ్రీదర్ పని ఆ గూడు లోపలి గాలి ఒత్తిడిని బయటి గాలితో సమానంగా ఉంచడం. నీళ్లలో ఉండగా లోపల గాలి చల్లబడి కుదించుకుపోతే ఆ ఖాళీలోకి సీళ్ల సందుల్లోంచి, మట్టి పట్టిన బ్రీదర్ లోంచి నీళ్లే వస్తాయి. ఆ నీళ్లతో నూనె చిలికి కాఫీ అవుతుంది. అలాగే తిప్పితే లోపలి పళ్లచక్రాలు, బేరింగులు తుప్పుపట్టి అరిగిపోతాయి. మామ మాట: "వారంలోపల తీసెయ్. లేదంటే తీసేది నువ్వు కాదు, మెకానిక్కు."

జూలై 2న నాకు అలవాటైన గ్యారేజీకి వెళ్లాను. పేరు రాయను. ముందూ వెనకా రెండు డిఫరెన్షియళ్ల (హౌసింగు లోపల, ఇంజన్ బలాన్ని రెండు చక్రాలకూ పంచే పళ్లచక్రాలు) నూనె రెండుసార్లు మార్చడం, బ్రీదర్లు, గ్రీజింగ్, 60 దాటితే స్టీరింగు ఊగుతోంది కాబట్టి ముందు భాగం చెకింగ్, అన్నీ కలిపి 12,800 రూపాయలు. అదైనా పది రోజుల తర్వాతే బండి లోపలికి తీసుకుంటారట. "అప్పటిదాకా నీళ్లు అందులోనే ఉంటాయి కదా?" అంటే "ఏం కాదు సార్" అన్నారు. నేను పక్కన నిలబడి చూడొచ్చా అంటే కస్టమర్లు లోపలికి రాకూడదన్నారు. ఆ రెండో జవాబుకే నాకు కోపం వచ్చింది. డబ్బు గురించి కాదు. నిజంగా కాదు. చివర్లో లెక్క చెబితే మీకే తెలుస్తుంది.

జూలై 7, మొదటి ఆదివారం. ఆఫీసు లేదు కదా అని పొద్దున్నే మెట్రో ఎక్కి, మెజెస్టిక్‌లో లైను మారి చిక్కపేటలో దిగాను. పని నేనే చేసుకోవాలని తేల్చుకున్నాను కాబట్టి, పనిముట్లు, బండి సామాన్లు దొరికే ఎస్పీ రోడ్డు, జేసీ రోడ్డు రెండూ ఒకే దెబ్బకు చూసేద్దామని. ఎక్కువ షాపుల షట్టర్లు దించే ఉన్నాయి. బెంగళూరులో పదేళ్లుగా ఉంటూ ఈ ఇంగితం లేకపోయింది. బీవీకే అయ్యంగార్ రోడ్డు పక్కన ఆదివారం సంత మాత్రం నడుస్తోంది. నేల మీద పట్టలు పరిచి పాత డ్రిల్లులు, వాచీలు, బూట్లు, పానాలు అన్నీ ఒకే కుప్ప. అక్కడ ఒక సుత్తి 120, మల్టీమీటరు 280, చేపలు తూచే కొక్కెం కాటా 180, నట్ల మీద తొడిగి తిప్పే సాకెట్ల సెట్ ఒకటి 1,350 పెట్టి కొన్నాను. సాకెట్ సెట్ డబ్బా తెరిస్తే నలభై ముక్కలు తళతళా మెరుస్తున్నాయి. ప్రతి ముక్క మీదా క్రోమ్ వెనేడియం, అంటే గట్టి ఉక్కు అని అచ్చు ఉంది. కంపెనీ పేరు మాత్రం ఎక్కడా లేదు. ఆ ముచ్చట గురించి తర్వాత.

తిరుగు ప్రయాణంలో మెట్రో స్కానర్ దగ్గర సంచి ఆపేశారు. సుత్తితో లోపలికి పోనివ్వరట. నిబంధన వాళ్లది, బుద్ధి లేనితనం నాది. చిక్కపేట నుంచి కేఆర్ పురానికి సుత్తి కోసం ఆటో ఎక్కాను. సుత్తి ధర కంటే ఆటోకే ఎక్కువైంది. పనిముట్లు కొనడానికి వెళ్లేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

ఇంట్లో మా ఆవిడ సంచి విప్పి చూసి, "మనింట్లో చేపలే వండం, ఈ కాటా ఎందుకండీ?" అంది. కింగ్ పిన్ (స్టీరింగు తిప్పినప్పుడు ముందు చక్రం దేనిమీద పక్కకు తిరుగుతుందో ఆ పిన్ను) బేరింగు బిగువు చూడడానికి అన్నాను. ఆమె ఇంకేమీ అడగలేదు. అడక్కపోవడంలోనే అన్నీ ఉన్నాయి.

జూలై 10, బుధవారం. సగం రోజు సెలవు పెట్టి మళ్లీ వెళ్లాను. ఈసారి షాపులు తెరిచి ఉన్నాయి. ఎస్జేపీ రోడ్డులో టపారియా కాంబినేషన్ పానాలు పన్నెండు ముక్కల సెట్ 1,450, ఐదు టన్నుల బాటిల్ జాకీ 1,500, రెండు యాక్సిల్ స్టాండ్లు 2,300. స్టాండ్లకు అంత ఖర్చా అని షాపులో కాసేపు ఊగిసలాడాను. ఇటుకలు పేర్చితే సరిపోదా అని ఆలోచన వచ్చిన మాట నిజం. షాపు పెద్దాయన తెలుగాయనే, చిత్తూరు వైపు యాస. నా మొహం చూసి, "ఇటుక పగిలేటప్పుడు చెప్పి పగలదు నాయనా" అన్నాడు. కొనేశాను.

జేసీ రోడ్డులో నూనె. ఇక్కడొక విషయం. చిక్కదనం చెప్పి "80డబ్ల్యూ-90 ఇవ్వండి" అంటే "జీఎల్-4 ఆ, జీఎల్-5 ఆ?" అని నూనె తరగతి అడిగాడు. డిఫరెన్షియల్‌లో పళ్లు ఒకదాని మీద ఒకటి రాసుకుంటూ జారతాయి, అందుకని జీఎల్-5 హైపాయిడ్ నూనె కావాలి. గేర్‌బాక్సులో గేర్లు సాఫీగా కలవడానికి ఇత్తడి సింక్రో రింగులు ఉంటాయి, దానికి మాన్యువల్‌లో ఏది రాసి ఉంటే అదే పొయ్యాలి. జీఎల్-5లోని కొన్ని రసాయనాలు ఇత్తడిని తినేస్తాయంటారు. మిగిలింది కదా అని దీన్ని దాన్లో పొయ్యకండి. ఐదు లీటర్ల డబ్బా 1,700.

జూలై 14, అసలు పని మొదలుపెట్టిన రోజు. పెట్టిన రోజే చెడింది కూడా. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో అట్టలు పరిచి, ముందు చక్రం నట్లు వదులు చేద్దామని కూర్చున్నాను. బండితో వచ్చే వీల్ పానా పాత ఓనరు దగ్గరే ఉండిపోయింది. కొత్త సాకెట్టు, దాన్ని తిప్పే పళ్ల పిడి రాట్చెట్టు తీశాను. గ్యారేజీవాళ్లు పోయినసారి గాలి గన్నుతో బిగించినట్టున్నారు, నట్టు కదల్లేదు. రాట్చెట్టుకు రెండడుగుల ఇనుప పైపు తొడిగి వేలాడాను. టక్కుమని చప్పుడు. నట్టు వదిలిందనుకున్నా. వదిలింది రాట్చెట్టు. లోపలి పళ్లు విరిగి రెండువైపులా ఊరికే తిరుగుతోంది. నా చెయ్యి పోయి మడ్‌గార్డుకు కొట్టుకుంది. సాకెట్టు చూస్తే పక్కన వెంట్రుకంత చీలిక. నట్టు మూలలు మెరుస్తున్నాయి, అంటే కొంచెం అరిగాయి.

చెయ్యి చన్నీళ్ల కింద పెట్టి వచ్చేసరికి అసోసియేషన్ సెక్రటరీగారు నిలబడి ఉన్నారు. సెల్లార్‌లో రిపేర్లు చెయ్యకూడదు, నూనె మరకలు పడతాయి, నిప్పు ప్రమాదం. మర్యాదగానే చెప్పారు. కాదనడానికి నా దగ్గర మాట లేదు. అట్టలు మడిచి పైకి వచ్చి మధ్యాహ్నం మూడింటిదాకా పడుకున్నాను.

ఆ రాత్రి నేర్చుకున్నవి రెండు. ఒకటి, రాట్చెట్టు బిగించడానికి, విప్పడానికే గానీ మొండి నట్టును కదిలించడానికి కాదు. దానికి పళ్లు లేని ఒట్టి కడ్డీ, బ్రేకర్ బార్, వేరే ఉంటుంది. పైపు తొడిగితే దానికే తొడగాలి. రెండు, నా సెట్‌లో సాకెట్లన్నీ పన్నెండు మూలలవి. అవి నట్టు మూలల దగ్గర మాత్రమే పట్టుకుంటాయి. ఆరు మూలల సాకెట్టు నట్టు పలకల మీద పట్టు దొరికించుకుంటుంది, అందుకని తొందరగా జారదు. సెట్లు కొనడం మానేసి, నా బండికి కావాల్సిన ఆరు సైజులే మంచి కంపెనీవి, ఆరు మూలలవి విడిగా కొన్నాను. ఒక్కోటి 170. బ్రేకర్ బార్ 780. నలభై ముక్కల డబ్బాలో నాకు పనికొచ్చేవి ఆరే అన్నది 1,350 పోయాక తెలిసింది.

ఇప్పుడు ఎవరైనా అడిగితే ఇలా చెబుతాను: మనిషి మీద పడేది, నట్టును పట్టేది, ఈ రెండు రకాల సరుకూ చవకది వద్దు. అంటే స్టాండు, జాకీ, సాకెట్టు, పానా. మిగతాదంతా సంత సరుకైనా నడుస్తుంది. నా 280 రూపాయల మల్టీమీటరు ఇంకా బ్రహ్మాండంగా ఉంది. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు 12.6, నడుస్తుంటే 14.2 చూపిస్తుంది. బ్యాటరీ, ఆల్టర్నేటర్ల ఆరోగ్యం తెలియడానికి నాకంతకంటే అక్కర్లేదు.

చోటు సమస్య తీర్చింది హూడి దగ్గర టైర్ల అంగడి నడిపే అన్న. హిందూపురం మనిషి. ఆదివారం వెనక రేకుల షెడ్డులో ఒక మూల, రోజుకు 200 రూపాయలు. టీ ఆయనదే. నేలకు సిమెంటు ఉంది, అది ముఖ్యం. మట్టినేలలో జాకీ ఒరుగుతుంది.

జూలై 21. నేను జాకీ పెట్టి వెనక చక్రం ఎత్తబోతుంటే అన్న వచ్చి ఆపాడు.

"రాళ్లేవి?"

"గేర్లో పెట్టానన్నా."

"వెనక ఒక చక్రం గాల్లోకి లేస్తే గేరు ఏం పట్టుకుంటాదన్నా? లేచిన చక్రం తిరుగుతాది, కింద ఉన్నది బండిని జార్చేస్తాది."

నిజమే. డిఫరెన్షియల్ చేసే పనే అది. ఒక చక్రం ఊరికే తిరగగలిగితే రెండోదాన్ని గేరు బిగబట్టలేదు. ఏళ్ల తరబడి ఫోర్ బై ఫోర్ తోలుతూ బురదలో చక్రాలు ఊరికే తిరగడం చూస్తూ కూడా ఇది జాకీ దగ్గర తట్టలేదు. రెండు పెద్ద రాళ్లు తెచ్చి ముందు చక్రాలకు అటూ ఇటూ పెట్టాడు. "జాకీ ఎత్తడానికి, స్టాండు మోయడానికి. జాకీ మీద ఉన్న బండి కిందికి తల పెట్టినావంటే నా షెడ్డు నుంచి పంపించేస్తా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ నవ్వులాట కాదు.

ఇంకో చిన్న ఆశ్చర్యం. జాకీని ఛాసిస్ కింద పెడితే ఎంత పంపు కొట్టినా చక్రం నేల వదల్లేదు. కమాన్లు (స్ప్రింగు పట్టీలు) కిందికి సాగుతూ పోతాయి, జాకీ ఎత్తు అయిపోతుంది. యాక్సిల్ గొట్టం కింద, కమాన్ కట్టకు దగ్గరగా పెడితే నాలుగు అంగుళాలకే లేచింది.

హౌసింగు కింద పాత పెయింట్ డబ్బా పెట్టి, కింది ప్లగ్గు మీద పానా పెట్టేసరికి మామ మాట గుర్తొచ్చింది. ముందురోజు రాత్రే ఫోన్లో చెప్పాడు: "పోసే తావు తెరుచుకోకుండా కార్చే తావు తెరిస్తే, బండిని బుజానేసుకొని యాడికి పోతావురా?" కింది ప్లగ్గు విప్పి నూనె అంతా కార్చేశాక, పక్కనున్న పోసే ప్లగ్గు మొండికేసి రాకపోతే బండి అక్కడే కూర్చుంటుంది. ముందు పై ప్లగ్గు. అది నిజంగానే మొండికేసింది. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి, సుత్తితో చిన్నగా నాలుగు దెబ్బలు కొట్టి, టీ తాగి వచ్చి, మళ్లీ స్ప్రే కొట్టి, గంటన్నర తర్వాత బ్రేకర్ బార్‌తో కదిలింది. ఆ కదిలేటప్పుడు వచ్చే కిర్రు చప్పుడు వింటే నాకిప్పటికీ ఆనందమే.

కింది ప్లగ్గు తీయగానే మొదట వచ్చింది నూనె కాదు, నీళ్లు. ఒక టీ గ్లాసుడు. నీళ్లు బరువు కదా, అడుగున చేరి ఉన్నాయి. ఆ తర్వాత కాఫీ. ముందు హౌసింగులో నీళ్లు తక్కువే, నూనె మాత్రం అదే రంగు. రెండూ కారడానికి గంట వదిలేశాను. ప్లగ్గుల మరలకు సీలెంట్ పూసి బిగించాను. కొత్త నూనె పొయ్యడానికి డబ్బా వంచే చోటు బండి కింద ఉండదు. పశువుల మందుల షాపులో వంద మిల్లీలీటర్ల సిరంజి 90 రూపాయలకు కొన్నాను, దానికి చిన్న పైపు ముక్క. ఒక్కోసారి వంద మిల్లీలీటర్లు. లెక్కేసుకోండి ఎన్నిసార్లు పొడవాలో. చెయ్యి పడిపోయింది. నూనె పోసే రంధ్రం అంచు దాకా వచ్చి బయటికి కారడం మొదలైతే నిండినట్టు, వేరే కొలత అక్కర్లేదు.

ఇంటికి వెళ్లి మూడుసార్లు చేతులు కడిగాను. హైపాయిడ్ నూనె వాసన పోదు. రాత్రి పెరుగన్నంలో కూడా అదే వాసన. మా ఆవిడ కొబ్బరినూనె పోసి రుద్దమంది, ఆ తర్వాత సున్నిపిండి. పోయింది. చేతొడుగులు వేసుకోవాలన్న జ్ఞానం మర్నాడు వచ్చింది.

ఈ మొదటి నూనె కడగడానికే. వారం రోజులు ఆఫీసుకు తిప్పి జూలై 28న మళ్లీ దించాను. లేత టీ రంగు. అంటే లోపల అంటుకున్న నీళ్లు ఇందులోకి వచ్చాయన్నమాట. ఇంకో 1,700 పెట్టి రెండో డబ్బా. పొయ్యేటప్పుడు మనసు చివుక్కుమంది. ఈసారి సిరంజి మానేసి, టైరన్న చెప్పినట్టు పొడుగు పైపుకు గరాటు పెట్టి, దాన్ని పైనుంచి వేలాడదీసి పోశాను. నూనె నిదానంగా దానంతట అదే దిగింది. ముందే చెప్పొచ్చు కదా అంటే, "నువ్వు అడగలేదు కదన్నా" అన్నాడు.

అదే రోజు బ్రీదర్ పని. పాత బ్రీదర్ మట్టితో పూర్తిగా మూసుకుపోయి ఉంది. డీజిల్లో నానబెట్టి శుభ్రం చేసినా మనసొప్పలేదు. 60 రూపాయల పెట్రోలు పైపు కొని, దాన్ని యాక్సిల్ నుంచి ఛాసిస్ వెంట పైకి తీసుకెళ్లి, ముందుదాన్ని ఇంజన్ దగ్గర పైన, వెనకదాన్ని సీటు ఎత్తున కట్టేశాను. యాక్సిల్ పైకీ కిందికీ ఊగుతుంది కాబట్టి పైపుకు మధ్యలో కొంచెం వదులు ఉంచాలి. మొత్తం వ్యవహారంలో ఇంతకంటే చవకైన, ఇంతకంటే అక్కరకొచ్చే పని ఇంకోటి లేదు. ఇది జూన్‌లోనే చేసి ఉంటే మీరు ఇది చదివేవాళ్లే కాదు.

ఆగస్టు 4, గ్రీజు. పొద్దున తొమ్మిదికి మొదలుపెట్టి పదకొండు దాకా ఒక్క చుక్క గ్రీజు ఎక్కించలేకపోయాను. 650 పెట్టి కొన్న గ్రీజు గన్నులో గ్రీజు నింపాను, మూత బిగించాను, మీట కొట్టాను. యాభై, అరవై, నూరు. ఏమీ రాదు. మోసపోయానని, గన్ను వెనక్కి ఇచ్చేద్దామని డబ్బా కూడా వెతికాను. మామకు ఫోన్ చేస్తే ఒకటే మాట: "గాలి పట్టింది." గ్రీజు నింపేటప్పుడు మధ్యలో గాలి బుడగ ఉండిపోతే పంపు గాలిని నొక్కుతూ ఉంటుంది తప్ప గ్రీజు కదలదు. గన్ను తలకాయ ఒక చుట్టు వదులు చేసి, వెనక కడ్డీని ముందుకు నొక్కితే తుస్సుమని గాలి పోయి, దాని వెనకే గ్రీజు బయటికి వచ్చింది. మళ్లీ బిగిస్తే నాలుగో పంపుకే పని. ఏ కాగితంలోనూ ఈ సంగతి రాసి లేదు.

జిప్సీకి గేర్‌బాక్సు ఒకచోట, ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజన్ బలాన్ని ముందూ వెనకా యాక్సిళ్లకు పంచే పెట్టె) ఇంకోచోట. అందుకని బలాన్ని మోసుకెళ్లే కడ్డీలు, షాఫ్టులు, మూడు: మధ్యలో పొట్టిది, ముందుకొకటి, వెనక్కొకటి. వాటి క్రాసుల్లో, అంటే కీళ్లలో, గ్రీజు ఎక్కించే నిపుల్స్ ఉంటాయి. గన్నుతో వచ్చిన గట్టి గొట్టం క్రాసు సందులోకి దూరదు, వంగే రబ్బరు గొట్టం ఉన్న గన్ను కొనండి. నిపుల్ మీద మట్టి తుడవకుండా గన్ను పెడితే ఆ మట్టినే బేరింగులోకి పంపినట్టు. పాత నల్ల గ్రీజు బయటికి వచ్చి కొత్తది కనపడేదాకా కొట్టాను. అరగంట పని. ఎండాకాలం నుంచి రివర్సు వేసేటప్పుడు వచ్చే 'టింగ్' చప్పుడు ఆ రోజుతో పోయింది.

ఆగస్టు 11. ఇక చేపల కాటా పని. ఇంతదాకా వచ్చాక ఒక సంగతి ఒప్పుకోవాలి, ఈ పని మొదలుపెట్టేటప్పుడు భయపడ్డాను. నూనె తప్పు పోస్తే బండి చెడుతుంది, స్టీరింగు తప్పు బిగిస్తే మనిషి పోతాడు.

ముందు పరీక్ష. ముందు చక్రం ఎత్తి, పైనా కిందా పట్టుకుని ఊపితే కుడివైపు ఏమీ లేదు, ఎడమవైపు చిన్నగా కట్ కట్. అది చక్రం బేరింగుదా, కింగ్ పిన్నుదా? టైరన్న దగ్గర పనిచేసే కుర్రాణ్ని సీట్లో కూర్చోబెట్టి బ్రేకు తొక్కమన్నాను. బ్రేకు తొక్కితే హబ్బు, దాన్ని మోస్తూ కింగ్ పిన్నుల మీద తిరిగే నకుల్ ఒకటైపోతాయి. అప్పుడు ఊగుడు ఆగిపోతే తప్పు చక్రం బేరింగుది. ఇంకా ఊగితే కింగ్ పిన్నుది. ఊగుతూనే ఉంది. ఈ పరీక్షకు అయిన ఖర్చు సున్నా. పోయినేడాది నేను ఇదే ఊగుడికి చక్రం బేరింగులు మార్పించుకుని డబ్బు కట్టాను.

ముందు చక్రాలు రెండింటినీ కలిపి తిప్పే కడ్డీ, టై రాడ్, చివర విప్పాలి. నట్టు వదులు కాకుండా ఆపే స్ప్లిట్ పిన్ను తీసి, నట్టు విప్పినా కోసుగా ఉండే ఆ పిన్ను ఊడదు. దాన్ని ఊడలాగే పుల్లర్ కొనాలా అనుకుంటే టైరన్న రెండు సుత్తులు తెచ్చాడు. ఒకటి వెనక ఆన్చి, రెండోదానితో ఆ కన్ను పక్కన గట్టిగా రెండు దెబ్బలు. ఊడిపోయింది. మర మీద మాత్రం కొట్టకూడదు.

జిప్సీకి మూలమైన సుజుకీ బండి సర్వీస్ మాన్యువల్‌లో కింగ్ పిన్ను బిగువు కొలత ఇలా ఉంటుంది: ఆయిల్ సీల్ (నూనె కారకుండా ఆపే రింగు) లేకుండా, టై రాడ్ కన్ను దగ్గర కాటా తగిలించి లాగితే నకుల్ కదలడానికి 1 నుంచి 1.8 కిలోల బలం పట్టాలి. సీల్ రింగు బోల్టులు విప్పి వెనక్కి జరిపి, కాటా కొక్కెం తగిలించి నిదానంగా లాగాను. కుడివైపు కిలో మూడొందలు. ఎడమవైపు ఏడొందలకే కదిలిపోయింది. ఆ రెండు అంకెలు చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం పిల్లాడి మార్కులు చూసినప్పుడు కూడా కలగలేదు. ఊహ కాదు, ఎవరో చెప్పింది కాదు, 180 రూపాయల కాటా మీద కంటికి కనపడుతోంది.

పై కింగ్ పిన్ను విప్పితే దాని కింద పల్చటి రేకు ముక్కలు, షిమ్ములు. ఒక పల్చటిది తీసేస్తే పిన్ను కొంచెం కిందికి దిగి బేరింగు బిగుస్తుంది. తీసి బిగించి లాగితే కిలో నాలుగొందలు. బేరింగు చేతితో తిప్పి చూశాను, గరుకు లేదు. గరుకుంటే షిమ్ముతో పోదు, బేరింగే మార్చాలి. కొత్త స్ప్లిట్ పిన్నులు పది రూపాయలకొకటి. పాతవి మళ్లీ వాడొద్దు. నట్లు ఎంత బిగించాలో బిగువు కొలిచే టార్క్ పానా లేకుండా ఎలా తెలియాలంటే, దానికీ కాటానే. బ్రేకర్ బార్ మీద అరమీటరు దూరంలో కొక్కెం తగిలించి పది కిలోలు లాగితే దాదాపు 49 న్యూటన్ మీటర్లు. మాన్యువల్ అంకెను దీన్నిబట్టి లెక్క కట్టుకోవడమే. కాటాను కడ్డీకి లంబంగా, అంటే తొంభై డిగ్రీల కోణంలో లాగాలి, ఏటవాలుగా లాగితే లెక్క తప్పుతుంది.

పని అయ్యేసరికి సాయంత్రం ఆరు. గ్యారేజీలో రెండు గంటల పని కావచ్చు. టెస్టుకు వైట్‌ఫీల్డ్ వైపు పోయాను. 60 దగ్గర ఊగుడు లేదు. 75 దగ్గర కొంచెం ఉంది, అది చక్రాల బ్యాలెన్సింగు కావచ్చు. స్టీరింగు మొదటి వారం కాస్త గట్టిగా అనిపించింది, తర్వాత అలవాటైపోయింది.

పాత నూనె సంగతి. కడిగిన నూనెతో కలిపి చాలానే పోగైంది. కాలువలో పోసేవాళ్లున్నారు. వాడేసిన నూనె చట్టప్రకారం ప్రమాదకర వ్యర్థం, దాన్ని అనుమతి ఉన్న రీసైక్లర్లకే ఇవ్వాలి. గ్యారేజీలు డ్రమ్ముల్లో పోగేసి ఇస్తాయి. మా ఇంటికి దగ్గరి గ్యారేజీ ఏదంటే 12,800 చెప్పిందే. డబ్బాలు పట్టుకుని అక్కడికే వెళ్లాను. వాళ్లు నా మొహం, డబ్బాలు మార్చి మార్చి చూసి డ్రమ్ము చూపించారు. లోపలికి రానిచ్చింది ఆ ఒక్కసారే.

ఆగస్టు 18, అదే కుంట. నీళ్లు తగ్గాయి. కానీ దిగలేదు, పక్కనున్న ఇసుకవాగులో తిప్పుకున్నాను. ఇసుకలో దిగబడకుండా, 30 రూపాయల వాల్వు పిన్ను తీసే పనిముట్టుతో నాలుగు టైర్లూ 28 నుంచి 18 పీఎస్‌ఐకి దించాను. పిన్ను పూర్తిగా ఊడదీస్తే గాలి నిమిషంలో పోతుంది, పిన్ను చేతిలోంచి ఎగిరి ఇసుకలో పడితే మాత్రం వెతుక్కోవాలి. వెతుక్కున్నాను. తిరిగి గాలి పట్టడానికి 2,100 పెట్టి కొన్న చిన్న కంప్రెసర్‌ను సిగరెట్ లైటర్ సాకెట్టులో పెట్టగానే ఫ్యూజు పోయింది. అది లాగే కరెంటు ఆ ఫ్యూజుకు ఎక్కువ. బ్యాటరీకి నేరుగా తగిలించే క్లిప్పులు డబ్బాలోనే ఉన్నాయి, నేనే చూడలేదు. క్లిప్పులు పెట్టి, ఇంజన్ ఆన్‌లో ఉంచి, ఒక్కో టైరుకు ఆరేడు నిమిషాలు. రెండు టైర్లకొకసారి కంప్రెసర్‌కు విశ్రాంతి, లేకపోతే చెయ్యి కాలేంత వేడెక్కుతుంది.

ఇప్పుడు లెక్క. పనిముట్లు 12,040. నూనె, గ్రీజు, సీలెంట్, పిన్నులు, డీజిలు, కాటన్ వేస్ట్ 4,160. షెడ్డు నాలుగు ఆదివారాలకు 800. మొత్తం 17,000. గ్యారేజీ అడిగింది 12,800. అంటే నేను 4,200 ఎక్కువ పెట్టి, ఏడు ఆదివారాలు పోగొట్టుకుని, ఒక వేలి చర్మం ఊడగొట్టుకున్నాను. ఆటో ఖర్చు కలపలేదు, ఫ్యూజులూ కలపలేదు, ఎందుకంటే మా ఆవిడ ఈ లెక్క చూస్తుంది. "మొదటిసారే మిగులుతుంది" అని చెప్పేవాళ్లను నమ్మకండి. వచ్చే ఏడాది ఇదే పనికి నూనె, గ్రీజు ఖర్చే ఉంటుంది. అప్పుడు చూద్దాం.

సెప్టెంబరు 22న మళ్లీ టైరన్న షెడ్డుకు వెళ్లి రెండు హౌసింగుల పై ప్లగ్గులూ తీసి వేలు పెట్టి చూశాను. వెనకది తేనె రంగు. ముందుది కొంచెం మసకగా ఉంది. ఎడమ నకుల్ ఆయిల్ సీల్ చెమరుస్తోంది, విప్పి బిగించేటప్పుడే దాని అంచు గట్టిపడి ఉండడం చూశాను, కానీ అప్పుడు కొత్తది చేతిలో లేదు. జేసీ రోడ్డులో చెప్పి వచ్చాను, దసరా సెలవుల్లో మారుస్తాను. దానికి కాటా మళ్లీ కావాలి. అది ప్రస్తుతం టైరన్న దగ్గరుంది. పాత ట్యూబులు తూకానికి కొనే గుజిరీవాడి కాటా మీద ఆయనకు ఎప్పటినుంచో అనుమానమట.